గడువు దాటిన పద్దెనిమిది రోజులు

ఆగస్టు 9

ఈ పుస్తకంలో జరిగింది మాత్రమే రాయాలనీ, నాకేమనిపించిందో రాయకూడదనీ మా సంరక్షణ కేంద్రం వాళ్ళు మొదటి పేజీ మీదే అచ్చు వేయించారు. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి కుటుంబం పుస్తకంలోనూ ఆ నియమం తప్పుతూనే ఉన్నాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఎవరూ చదవరనుకుంటాను.

పొద్దున్న, మబ్బులోంచి నీళ్ళు పట్టే మంచువలలు ఉతికాం. మబ్బు బాగా పట్టడంతో పదకొండు బిందెల మంచినీళ్ళు దిగాయి. మధ్యాహ్నం మూడో గదిలోకి కొత్త మనిషి వచ్చాడు. పేరు మైలపల్లి ఎల్లాజీ, డెబ్బై ఒక్క ఏళ్ళు. సముద్రం మింగేసిన పాత పట్నంలోకి ముప్పై ఏళ్ళు మునిగి, ఇళ్ళలోంచి ఇనుమూ రాగి తీగా పైకి తెచ్చినవాడు. ఊపిరితిత్తులు రెండూ రాయిలా అయిపోయాయి. భార్య కాసులమ్మ చెయ్యి పట్టుకుని మెట్ట మీదికి ఎక్కించుకొచ్చింది. ఎక్కినంతసేపూ దెబ్బలాడుకుంటూనే ఉన్నారు.

"నిదానంగా ఎక్కు మావా. ఎవులైనా తరుముతున్నారేటి?"

"నాను నిదానంగానే ఎక్కుతున్నాను. నువ్వే లాగేస్తన్నావు."

డాక్టర్ ఫిరోజా ఆయన జబ్బకి, మనిషి పోయే రోజు చెప్పే గడువు పట్టీ కట్టారు. గంటకల్లా ఆకుపచ్చ అంకెలు వెలిగాయి. ఆగస్టు 16.

కాసులమ్మ ఆ అంకెల వైపు చాలాసేపు చూసి, "ఆదోరమా, సోమోరమా?" అనడిగింది.

ఆదివారమని చెప్పాను.

"ఆదోరమైతే బావుంటాది" అని కొంగుతో పట్టీ మీది తడి తుడిచింది.

ఆగస్టు 10

నన్ను పరిచయం చేసుకున్నాను. మందులివ్వడం నా పని కాదు. పోయే మనిషి పక్కన ఉండే మనుషుల్ని చూసుకోవడం నా పని. పోయేదాకా, పోయాక మరో పదమూడు నెలలూ వాళ్ళింటికి వెళ్ళి వస్తుంటాను. అందరూ తోడుమనిషి అంటారు.

"పేరేటి?" అన్నాడు ఎల్లాజీ.

"నీలవేణి."

"అయితే నీలేణి సెల్లెమ్మవి. ఓలె కాసులూ, నీకు ఆడపడుసు వొచ్చింది. ఇక కాసుకో."

అప్పటినుంచి కాసులమ్మ నన్ను వదినా అంటోంది. నేనూ ఆమెను వదినా అనే అంటున్నాను. ఎవరు ఎవరికి ఆడపడుచో తేల్చుకునే తీరిక లేదు.

ఆగస్టు 12

కూతురు దానమ్మ నిన్నటి పడవలో వచ్చింది. నలభై ఒక్క ఏళ్ళు. సముద్రంలో పదకొండో గాలిమర స్తంభం మీద ఆమె పని. చట్టం ప్రకారం గడువుకి ముందు నాలుగు రోజులు, తర్వాత నాలుగు రోజులు సెలవు. అది ఒక్కసారే ఇస్తారు. మళ్ళీ పొడిగింపు ఉండదు. పట్టీ ఎప్పుడూ తప్పదు కాబట్టి పొడిగింపు అవసరం ఎవరికీ రాలేదు.

నెమ్మదస్తురాలు. తల్లికి తల దువ్వింది, తండ్రికి గోరువెచ్చటి నీళ్ళతో ఒళ్ళు తుడిచింది. తండ్రి కళ్ళలోకి మాత్రం చూడలేదు. నేను గమనించాను. అలాంటివి గమనించడానికే నన్ను ఇక్కడ ఉంచారు.

సాయంత్రం వరండాలో పక్కన కూర్చుంటే తనే చెప్పింది. ఆమెకో తమ్ముడుండేవాడు, అప్పన్న. పదహారేళ్ళ క్రితం, ఇరవై రెండేళ్ళ వయసులో, తండ్రితో కలిసి పాత పట్నంలో ఓ సినిమా హాల్లోకి దిగాడు. పైకప్పు కూలింది. తండ్రి ఒక్కడే పైకొచ్చాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ అప్పన్న పేరెత్తలేదు.

ఆగస్టు 15

మాట రోజు.

గడువుకి ముందు రోజును అందరూ అలాగే పిలుస్తారు. ఇంట్లో వాళ్ళు ఒక్కొక్కరే గదిలోకి వెళ్ళి, మనసులో ఏముంటే అది చెప్పుకుని బయటికొస్తారు. మాకు నేర్పించిన వాక్యం ఒకటుంది. దాన్నే ఈ పంతొమ్మిదేళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. "ఏదీ దాచుకోకండి. రేపటి తర్వాత చెప్పడానికి మనిషి ఉండరు."

దానమ్మకీ అదే చెప్పాను.

కాసులమ్మ గంటన్నర ఉంది లోపల. ఒకసారి నవ్వు వినిపించింది, ఒకసారి ఏడుపు. దానమ్మ అయిదు నిమిషాలే ఉంది. బయటికొచ్చినప్పుడు ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా చేతులు కడుక్కుంది.

ఆగస్టు 16

ముగ్గురం గదిలోనే ఉన్నాం. ఎల్లాజీ మధ్యాహ్నం దాకా నిద్రపోయాడు. ఊపిరి బరువుగా సాగింది. కాసులమ్మ ఒక చెయ్యి పట్టుకుంది. దానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

నాలుగింటికి కళ్ళు తెరిచాడు. మా ముగ్గుర్నీ వరసగా చూశాడు.

"ఇంకా సీకటడనేదా?" అన్నాడు.

ఆగస్టు 17

పట్టీ మీద అంకెలు పోయాయి. ఖాళీగా ఉంది. డాక్టర్ ఫిరోజా కొత్త పట్టీ కట్టారు. అదీ ఖాళీయే. మూడోది కట్టారు. అదీ అంతే.

"ఏళ్ళ తరబడి నీళ్ళ కింద ఊపిరి బిగబట్టిన ఒళ్ళు నీలవేణి గారూ" అన్నారు ఆవిడ నన్ను పక్కకు పిలిచి. "తక్కువ గాలితో బతకడం ఈ ఒంటికి అలవాటు. ఇలాంటి మనిషిని ఈ పట్టీ ఎప్పుడూ చూసి ఉండదు."

"మరి ఎప్పుడు?"

"నాకు తెలీదు" అన్నారు. డాక్టరు నోట ఆ మాట విని ఎన్నేళ్ళయిందో.

ఎల్లాజీ పొద్దున్న గంజి తాగాడు. మధ్యాహ్నం చేపల పులుసు కావాలన్నాడు. తొట్టిలో పెంచిన చేప తప్ప దొరకదంటే, "అది సేప కాదు, నానబెట్టిన దూది" అన్నాడు. అయినా రెండు ముక్కలు తిన్నాడు.

కాసులమ్మకి ఏం చెయ్యాలో తెలియడం లేదు. మొన్ననే చెప్పాల్సినవన్నీ చెప్పేసింది. ఇవాళ ఆయన పక్కన కూర్చుని ఆకాశం వైపు, వలల వైపు, నా వైపు చూస్తూ ఉండిపోయింది. చివరికి ఏమీ తోచక, "పులుసులో ఉప్పు సాలిందేటి?" అనడిగింది.

ఆగస్టు 18

దానమ్మ నిన్నటి నుంచీ గదిలో అడుగు పెట్టలేదు. వంటింట్లో చింతపండు పిసుకుతోంది, దుప్పట్లు ఉతుకుతోంది, వరండా తుడిచిందే తుడుస్తోంది. దుప్పటి పిండుతుంటే రెండో కొస పట్టుకుని అడిగాను.

"లోపలికి ఎందుకెళ్ళవు దానమ్మా?"

"ఎలా ఎల్తాను అత్తా? ఆ రోజు ఏటన్నానో తెల్సా నీకు?" దుప్పటిని గట్టిగా మెలిపెట్టింది. "అప్పన్నని నువ్వే సంపినావు, నిన్ను మన్నించనేదు, ఎప్పటికీ మన్నించను అన్నాను. రేపు పోయే మనిషని అన్నాను. అనీసి బరువు దింపుకుందామనుకున్నాను. ఇప్పుడు ఆయన లోపల పులుసన్నం తింటన్నాడు."

ఏదీ దాచుకోవద్దని చెప్పింది నేను. ఆ వాక్యానికి ఓ మర్నాడు ఉండొచ్చని ఒక్కసారైనా ఆలోచించలేదు.

"ఆయన ఏమన్నాడు, నువ్వలా అన్నప్పుడు?"

"ఏటీ అననేదు. కళ్ళు మూసుకున్నాడు. నాను బయటికొచ్చీసాను."

నీళ్ళు కారడం ఆగిపోయాక కూడా ఇద్దరం దుప్పటిని పిండుతూనే ఉన్నాం.

ఆగస్టు 20

దానమ్మ సెలవు అయిపోయింది. పడవ ఏడింటికి. బయల్దేరే ముందు మూడో గది తలుపు దగ్గర నిలబడింది. లోపల ఎల్లాజీ దగ్గుతున్నాడు. తలుపు చెక్క మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఉంచి, తీసేసి మెట్లు దిగింది.

ఆగస్టు 22

ఇవాళ కాసులమ్మ నోరు జారింది. రాయకూడదనుకున్నాను. కానీ ఇలాంటివి రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

ఆమె పదమూడు రోజులుగా సరిగ్గా పడుకోలేదు. ఎల్లాజీ ఒళ్ళు పుండ్లు పడకుండా గంట గంటకీ అటూ ఇటూ తిప్పుతూ ఉంది. పొద్దున్న మంచువలల దగ్గర నాకు సాయం చేస్తూ ఉన్నట్టుండి, "పోవాల్సినోడు పోడేటి వదినా" అంది.

వెంటనే రెండు చెంపలూ వాయించుకుంది. ఆపడానికి నేను చేతులు పట్టుకోవాల్సి వచ్చింది.

"నా నోరు పడిపోనూ. నా నోట్లో పురుగులు పడా."

"వదినా, కూచో."

"నలబై ఐదేళ్ళ కాపురం. ఏటన్నాను నాను?"

ఇద్దరం వలల కింద తడి నేల మీదే కూర్చున్నాం. ఈ మాట నేను చాలామంది నోట విన్నాననీ, ఎంతో ప్రేమించినవాళ్ళ నోటే ఎక్కువగా విన్నాననీ చెప్పాను. ఆ మాట ఆయన పోవాలని కోరుకోవడం కాదనీ, ఈ అలసట పోవాలని కోరుకోవడమనీ చెప్పాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు. నా ఒళ్ళో తల పెట్టుకుని అక్కడే నిద్రపోయింది. గంట పైన పడుకుంది. కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు. మూడో గదిలో ఎల్లాజీని డాక్టర్ ఫిరోజాయే తిప్పి పడుకోబెట్టారు.

లేచాక నావైపు చూడకుండా, "ఆయన్ని ఎవులు సూసినారు?" అంది. చెప్పాను. "డాక్టరమ్మకి ఎడమ పక్కకి తిప్పకూడదని తెల్సో తెల్దో" అనుకుంటూ పరుగెత్తింది.

ఆగస్టు 24

ఎల్లాజీకి గడ్డం గీస్తున్నాను. కాసులమ్మ స్నానానికి వెళ్ళింది. ఆయన మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, నాలుగు మాటలకో ఊపిరి.

"సెల్లెమ్మా. నా కూతురు ఎందుకెలిపోనాది?"

"సెలవు అయిపోయింది అన్నయ్యా."

"అదికాదు నానడిగింది."

కత్తి పక్కన పెట్టాను.

"ఆ రోజు నన్ను ఓ మాటన్నాది" అన్నాడు. "నీకు తెల్సే ఉంటాది. పదారేళ్ళు... ఎదురు సూసినాను సెల్లెమ్మా. ఎవరో ఒకరు ఆ మాటంటారని. కాసులు అననేదు. కచేరీవోల్లు పెమాదం అని రాసుకున్నారు. ఈదిలో వోల్లు... ఎదురుపడితే తల తిప్పుకున్నారు. ఎవులూ అననేదు. ఆ గుంటొక్కతే అన్నాది." కాసేపు ఊపిరి పోగుచేసుకున్నాడు. "అప్పుడు నాకు జవాబు సెప్పే ఓపిక నేదు. రేపు పోతాననుకున్నాను. పోనేదు కదా. ఇప్పుడు సెప్తాను. పిలువు."

మాటలు రికార్డు చేసి పంపుదామా అనడిగాను. కేంద్రంలో అందుకో పెట్టె ఉంది, చాలామంది వాడతారు.

"పెట్టిలో మాటాడితే సచ్చినోడు మాటాడినట్టుంటాది. నాను బతికే ఉన్నాను."

ఆగస్టు 25

సెలవుల కచేరీకి వెళ్ళాను. కిటికీలో ఉన్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. రెండో సెలవు రాయాలంటే రెండో గడువు తేదీ కావాలంది. పట్టీ ఖాళీగా ఉందని చెప్పాను.

"ఖాళీగా ఉందంటే గడువు లేదని కదా అర్థం? మరి సెలవెందుకండీ?"

డాక్టర్ ఫిరోజా రాసిచ్చిన కాగితం చూపించాను. 'ఈ మనిషి చనిపోతున్నాడు. ఎప్పుడో నాకు తెలియదు' అని రాసి ఉంది అందులో. ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది.

"తెలియదు అని రాస్తే ఏ గడిలో ఎక్కించాలండీ?" అంది. పాపం, నిజంగానే అడిగింది.

ఆగస్టు 26

ఫోన్‌లో చెప్పే మాట కాదని పొద్దుటి పడవెక్కి పదకొండో స్తంభానికి వెళ్ళాను. సరుకుల పడవ మూడు రోజులకోసారి పొద్దున్న వెళ్ళి, మధ్యాహ్నం దాటాక తిరిగొస్తుంది. పోయే మనిషి కోసం నేను సముద్రం మీదికి వెళ్ళడం ఇదే మొదటిసారి. వాంతులయ్యాయి. ఆ సంగతి కూడా జరిగినదే కాబట్టి రాస్తున్నాను.

దానమ్మ గాలిమర రెక్కకి పట్టిన ఉప్పు గీకుతోంది. నన్ను చూడగానే చేతిలోది జారవిడిచింది.

"పోయినాడా?"

"లేదు తల్లీ. రోజూ గడ్డం గీయించుకుంటున్నాడు. తొట్టి చేపని తిట్టుకుంటూ తింటున్నాడు."

ఆమె ఇనుప మెట్టు మీద కూలబడింది. ఆయన అన్నది అన్నట్టుగా చెప్పాను. పదహారేళ్ళుగా ఎవరైనా అంటారని ఎదురు చూశానన్నాడనీ, జవాబు చెప్పాలనుకుంటున్నాడనీ.

"ఏ మొకం పెట్టుకుని ఎల్లాలి అత్తా?"

"అదే ముఖం పెట్టుకుని రా. ఆయనకి కావాల్సింది అదే."

"ఎల్లి ఏటనాలి? తప్పయిపోయింది, మర్సిపో అనాలా? నాకు అలా నేదు. ఇప్పటికీ అలా నేదు."

నేర్చుకున్న వాక్యాలు చాలానే ఉన్నాయి నా దగ్గర. ఒక్కటి కూడా పనికొచ్చేలా లేదు.

"ఏమీ అనక్కర్లేదు" అన్నాను. "నా భర్త పట్టీ చెప్పిన రోజునే పోయాడు. ముందు రోజు అన్నీ చెప్పుకున్నాం. చాలా చక్కగా జరిగిందన్నారు అందరూ. కానీ నేనన్నదానికి ఆయన ఏమనుకున్నాడో ఈ రోజుకీ నాకు తెలీదు. అప్పుడు అడిగే వ్యవధి లేదు. నీకు ఉంది. ఎంతుందో తెలీదు గానీ, ఉంది."

వెనకాల నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. పక్క రెక్క మీద పనిచేసే జయప్రభట. మా మాటలన్నీ విన్నది, దాచలేదు.

"నీ మూడు రోజుల పని నేను చేస్తాలే దానమ్మా. వచ్చే పడవకి వెళ్ళు. నువ్వు కిందున్న మోటారు గదిలో ఉన్నావని చెప్తా. అక్కడికి ఎవరూ దిగరు, కంపు."

ఆగస్టు 29

దానమ్మ వచ్చింది.

కాసులమ్మ గుమ్మంలోనే, "ఇన్నాళ్ళకి దారి తెల్సిందేటి?" అని కసురుకుని, అంతలోనే కూతురి రెండు చెంపలూ పట్టుకుని ఏడ్చింది.

ఎల్లాజీ నన్ను గదిలోనే ఉండమన్నాడు. "సెల్లెమ్మ ఉంటాది. నాను ఊపిరందక ఆగిపోతే ఆ గుంట బయపడతాది."

దానమ్మ తలుపు దగ్గరే నిలబడింది.

"దగ్గరికి రా. అరవలేను."

వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఎల్లాజీ చాలాసేపు పైకప్పుని చూశాడు. ఆయన అన్నది నాకు గుర్తున్నంతవరకూ రాస్తున్నాను.

"ఆ సినిమా ఆల్లోకి నాను ముందురోజు దిగినాను. పైకప్పు కుల్లిపోయి ఉందని నాకు తెల్సు. సూసినాను. కానీ లోపల రాగి ఉంది. ఒక్కపాలి... ఒక్కపాలి దిగి వొచ్చీద్దామనుకున్నాను. ఆడు వొద్దు అయ్యా అన్నాడు. బయమేట్రా అన్నాను. ఆడికి సిగ్గేసి దిగినాడు." ఊపిరి కోసం ఆగాడు. "మీ అమ్మకి ఇది తెల్దు. ఎవులికీ తెల్దు. నువ్వన్నమాట నిజం. అదే నా జవాబు."

దానమ్మ ఏడవలేదు. "వొద్దన్నాడా?" అని మాత్రం అడిగింది.

"అన్నాడు."

"ఎలా అన్నాడు?"

"అప్పుడు ఆడి నోట్లో బెల్లం జీడి ఉంది. జీడి నముల్తా అన్నాడు. వొద్దయ్యా, రేపు సూద్దాం అని."

అప్పుడు ఏడ్చింది. తండ్రి మంచం పట్టె మీద నుదురు ఆనించి, చిన్నపిల్లలా బయటికి వినపడేలా ఏడ్చింది. ఆయన చెయ్యి ఎత్తి ఆమె తల మీద పెట్టబోయాడు. పెట్టొచ్చో కూడదో తెలియనట్టు గాలిలోనే ఆపేశాడు. దానమ్మ తల ఎత్తలేదు, కానీ చెయ్యి చాచి ఆ చేతిని పట్టుకుని కిందికి దింపింది. తల మీదికి కాదు, పట్టె మీదికి. తన చేతి పక్కన.

ఆగస్టు 30

దానమ్మ ఆయనకి గోళ్ళు తీసింది. ఇద్దరూ అప్పన్న గురించే మాట్లాడుకున్నారు. ఆయన వాడికి నీళ్ళలో కళ్ళు తెరవడం ఎలా నేర్పాడో, వాడు చేపలకు పేర్లు ఎలా పెట్టేవాడో. కాసులమ్మ లోపలికి రాగానే మాట ఆపేశారు. ఆమె మా ముగ్గురినీ ఓ చూపు చూసి, బిందె తీసుకుని వెళ్ళిపోయింది.

ఆగస్టు 31

"మన్నించావా మరి?" అనడిగాను దానమ్మని, వంటింట్లో.

"నేదు." పోపులో కరివేపాకు వేసింది. "కానీ ఇప్పుడు ఆయన మీద కోపం వొస్తంటే ఆయనతోనే సెప్తన్నాను. పొద్దున్న కూడా సెప్పాను. ఇన్నాడు. అదేదో నయంగా ఉంది అత్తా."

సెప్టెంబర్ 1

పడవెక్కింది. ఈసారి గదిలోకి వెళ్ళి, "ఎల్లొస్తానయ్యా" అంది.

"మల్లీ ఎప్పుడు?"

"నాలుగో తారీకు పడవకి సూస్తాను."

"అయితే నాలుగుదాకా ఉంటాన్లే" అన్నాడు.

సెప్టెంబర్ 3

ఎల్లాజీ ఇవాళ మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి పోయాడు.

నేను గుమ్మంలో ఉన్నాను. కాసులమ్మ ఆయన తల దువ్వుతూ తిడుతోంది. గంజి సగం గిన్నెలోనే వదిలేశాడని తిట్టు. "ఇలాగైతే నాను సెయ్యను మావా. ఒండి ఒండి నా సేతులు పడిపోతన్నాయి. మూడు ముద్దలు తింటే ఏటవుద్ది? అలా కళ్ళు మూసుకుంటే ఇననట్టేటి?" అంటూ దువ్వెన పాపిట దగ్గరికి తెచ్చి ఆగింది.

నావైపు తిరిగింది. ముఖంలో ఏడుపు లేదు. ప్రశ్న ఉంది.

దగ్గరికి వెళ్ళి చూశాను. తల ఊపాను.

ఆమె మళ్ళీ ఆయన వైపు తిరిగి, సగంలో ఆగిన పాపిట పూర్తిగా తీసింది. వంకర పోకుండా, చాలా శ్రద్ధగా.

స్తంభానికి నేనే కబురు చెప్పాను. దానమ్మ ఫోన్‌లో "అమ్మ తిన్నాదా?" అనడిగింది.

సెప్టెంబర్ 4

పడవకి వచ్చేసింది, సెలవు లేకుండానే. గడువు తర్వాతి నాలుగు రోజులూ ఆమె ఎప్పుడో వాడేసుకుందని కచేరీ లెక్క. దహనం సాయంత్రం అయిదింటికి జరిగింది. తల్లీ కూతుళ్ళు ఒకే గొడుగు కింద నిలబడ్డారు. వాన లేదు. ఎండకి.

సెప్టెంబర్ 19

సెలవు లేకుండా దిగివచ్చినందుకు దానమ్మని స్తంభం మీద నుంచి తీసేసి, ఏడాదిపాటు ఒడ్డున తాళ్ళు బాగుచేసే పనికి వేశారు. శిక్షట. తల్లి ఇంటికి ఆ తాళ్ళ షెడ్డు నాలుగు వందల అడుగుల దూరం. నేను ముఖం గంభీరంగా పెట్టుకుని విన్నాను.

అక్టోబర్ 11

కాసులమ్మ తినడం లేదని దానమ్మ కబురంపితే వెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"వదినా, నాను తిడతంటే పోనాడు" అంది గోడతోనే. "ఆ ముందు పోడేటి అన్నాను. ఆకరికి తిట్టి పంపీసినాను. మాట రోజున ఎంత బాగా సెప్పుకున్నాం! అప్పుడే పోయుంటే ఆ మంచిమాటే మిగిలును కదా."

పక్కనే చాప మీద నేనూ పడుకున్నాను. కూర్చుని చెప్పే మాటల్ని ఆమె వినదని ఈపాటికి నాకు తెలుసు.

"పెళ్ళయిన కొత్తలో కూడా తిట్టేదానివా?"

"మూడోనాటి నుంచే." కాస్త ఆగింది. "తడి బట్టలు మంచం మీదేసేవోడు."

"ఎప్పుడైనా తిట్టకపోతే?"

నిద్రపోయిందనుకున్నాను.

"తిట్టకపోతే బయపడేవోడు. వొంట్లో బాగునేదా కాసులూ అని దగ్గరకొచ్చి కూసునీవోడు." ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాను తిడతన్నంతసేపూ అంతా బాగున్నట్టే ఆయనకి."

దానమ్మ కంచం తెచ్చి మా మధ్య పెట్టింది. ముగ్గురం అందులోనే తిన్నాం.

డిసెంబర్ 6

కేంద్రంలో సమావేశం. ఈ నాలుగు నెలల్లో పట్టీ మరో ఇద్దరి విషయంలో ఖాళీ అయింది. ఇద్దరూ నీళ్ళలోకి దిగినవాళ్ళే. సెలవుల కాగితంలో 'తెలియదు' అనే గడి ఒకటి పెట్టమని డాక్టర్ ఫిరోజా అడిగారు. ఆలోచిస్తామన్నారు. నేను మాత్రం ఆ పాత వాక్యం మానేశాను. ఇప్పుడు కుటుంబాలతో ఇలా అంటున్నాను: "చెప్పాలనుకున్నది ఇవాళే మొదలుపెట్టండి. జవాబు వినడానికి కాస్త వ్యవధి ఉంచుకోండి."

అందరికీ ఆ వ్యవధి దొరకదు. ఆ సంగతీ దాచకుండా చెబుతున్నాను.

మార్చి 2

ఇవాళ ఆరో నెల చూపుకి వెళ్ళాను. తల్లీ కూతుళ్ళు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. నాకూ ఓ గుప్పెడు ఒళ్ళో పోశారు. మేడ మీద వాళ్ళ నీళ్ళ గొట్టం గురించి, తాళ్ళ షెడ్డులో మేస్త్రీ గురించి చెప్పుకుంటూ పోతున్నారు. నేను వింటున్నాను.

ఉన్నట్టుండి దానమ్మ చేతులు ఆగాయి.

"అమ్మా. ఆ రోజు అప్పన్న దిగనన్నాడంట. అయ్య సెప్పినాడు నాకు."

పదహారేళ్ళుగా ఈ ఇంట్లో వినపడని పేరు. కాసులమ్మ చేతిలో కాయని విరవకుండా అలాగే పట్టుకుంది. నేను ఏదో ఒకటి అనడానికి సిద్ధమయ్యాను.

"తెల్సు" అంది కాసులమ్మ.

"నీకెలా తెల్సు?"

"నిద్దట్లో అనీవోడు. వొద్దన్నాడు కాసులూ, వొద్దన్నాడు అని. పొద్దున్న లేస్తే ఆయనకి గుర్తుండేది కాదు. నానూ అడగనేదు." కాయ విరిచి గిన్నెలో వేసింది. "అడిగితే ఆయన బతకడనుకున్నాను."

"నాతో సెప్పొచ్చు కదే అమ్మా."

"నువ్వు మీ అయ్య మొకం సూడకుండా పోతావని బయమేసింది."

"సూడనేదు కదా ఎలాగూ."

"సూడనేదు" అని ఒప్పుకుంది కాసులమ్మ. ఆ తర్వాత ఇద్దరికీ ఎందుకు నవ్వొచ్చిందో నాకు తెలీదు. ఏడుపూ దాంతోనే వచ్చింది. "ఆడు పుట్టినప్పుడు ఎంత ఏడ్సినాడో తెల్సా నీకు? ఈదంతా లేసొచ్చినాది. నీకు మూడేళ్ళు. ఈ గుంటణ్ణి ఎనక్కిచ్చీమన్నావు..."

"నానన్నానా?"

"ఎనక్కిచ్చీసి మేకని తెమ్మన్నావు."

దానమ్మ తల్లి భుజం మీద వాలి నవ్వుతోంది. కాసులమ్మ చెబుతూనే ఉంది. వాడి మొదటి పన్ను, వాడి పిచ్చి పాటలు, వాడికి నచ్చని కాకరకాయ. నా ఒళ్ళోని చిక్కుళ్ళు గిన్నెలో పోసి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వీధిలోకి వచ్చేశాను. వాళ్ళు చూడలేదు.